పెద్దామె పోయిందట

ఆ సోమవారం రాజేశం పెట్టుకున్న పనులు రెండే. ఆక్వేరియంలో ఉప్పునీళ్లు కొంత మార్చి, అశోక్ నగర్‌లో తొమ్మిదింటి క్లాసుకు పోవాలి. పోటీ పరీక్షల పిల్లలకు జీవశాస్త్రం చెప్పే ఆయనకు, చిక్కడపల్లి ఇంటి ముందుగదిలోని ఆ పగడాల తొట్టి అంటే ప్రాణం. నారింజ రంగు క్లౌన్ చేపలు చాలామంది పెంచుతారు. ఈయనవి పింక్ స్కంక్ జాతివి: గులాబీ ఒళ్లు, వీపు పొడుగునా తెల్లగీత, చెంప మీద ఇంకో సన్నగీత. జంటలో ఆడది పెద్దది. దానికి ఆయన పెట్టుకున్న పేరు పెద్దామె.

ఆ పొద్దున పెద్దామె కనిపించలేదు. తొట్టిలోంచి ఎగిరి పడిందేమోనని సోఫా కింద కూడా చూశాడు. లేదు. దిగులుగా బయల్దేరి, టీకొట్టు దగ్గర ఆగి, ఆ జంటను తనకిచ్చిన క్రాంతికుమార్‌కు ఫోన్ చేశాడు.

"పెద్దామె పోయినట్టుందన్నా. రాత్రి మంచిగనే తిన్నది. ఏం జేస్తం, క్లాసుకు పోతున్న."

పక్కనే పూలమ్మే కురుమమ్మ చేతిలో దండ ఆగిపోయింది. రోజూ రాజేశం తల్లి అనసూయమ్మకు పూలిచ్చేది ఆమే. "తల్లి పోతే క్లాసుకు పోతున్నడు. దుఃఖంల మతి తప్పినట్టుంది," అని టీ తాగుతున్న ఆయన విద్యార్థులకు చెప్పింది.

రాజేశం పుస్తకాల షాపులో పని చూసుకుని వెళ్లేసరికి క్లాసు ఖాళీ.

"అందరు మీ ఇంటికే పోయిన్రు సార్," అన్నాడు వాచ్‌మన్. "మీ అమ్మగారు పోయిన్రంట గద. మీకు తెల్వదా?"

రాజేశం వెంటనే వెనక్కి తిరిగాడు. ఆటో ఎక్కాలని కూడా తోచక, ఇంటిదాకా పరుగెత్తాడు.

గుమ్మం ముందు వంద జతల చెప్పులు. లోపల అనసూయమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన పూలదండల కుప్ప. పిల్లలంతా తొట్టి చుట్టూ మూగారు.

"అమ్మా," అన్నాడు.

"నేను పోలేరా. నీ పెద్దామె గూడ పోలె," అంది తల్లి. "రాయి ఎనక గుడ్లు వెట్టింది. ఈ పిల్లలే చూసిన్రు. నువ్వు వీళ్లకు ఏం పాఠాలు చెప్తున్నవో ఏమో."

రాజేశం వంగి చూశాడు. రాయికి అంటుకుని వందల నారింజ చుక్కలు. మగచేప రెక్కలతో వాటికి విసురుతోంది. పెద్దామె అక్కడే కాపలా.

"ఇండ్లల్ల ఇవి గుడ్లు వెట్టుడు అల్కగ కాదంట, నా కొడుకు ఎప్పుడు చెప్తనే ఉంటడు," అంటోంది అనసూయమ్మ, ఇన్నేళ్లూ ఆ తొట్టి వైపు సరిగ్గా చూడని మనిషి. రాజేశం తలెత్తి నిలబడి, తొమ్మిదింటి క్లాసు అక్కడే చెప్పాడు.

వచ్చినవాళ్లకు చాయ్ పోసింది గానీ, రానివాళ్ల పేర్లే అనసూయమ్మ చాలాకాలం గుర్తుపెట్టుకుంది.