గుమ్మానికి గుడ్డాకులు

ఉగాదికి రెండు రోజుల ముందు, పొద్దున్నే దీపం పెట్టి వనజాక్షి దేవుణ్ణి ఒక్కటే కోరింది. ఎల్లుండి వదినగారు రావాలి, గోడలవైపు చూడాలి, ఏమీ అనకుండా భోంచేయాలి.

వదినగారంటే భర్త పెంచలకృష్ణ అక్క వెంకటశేషమ్మ. ఆమె ఉండే వెంకటాచలం నుంచి వీళ్ళుండే ముత్తుకూరు ఏమంత దూరం కాదు గానీ, ఆమె ఈ గడప తొక్కి మూడేళ్ళయింది. గృహప్రవేశంనాడు "ఏందిమే, ఇల్లు రేషన్ షాపులాగుండాది!" అని ఆమె అంది. "కార్డు తెచ్చుకోలేదా వదినా?" అని వనజాక్షి నోరు జారింది. అంతే, మాటల్లేవు. ఈసారి తమ్ముడు ఫోన్ చేసి బతిమాలితే "చూస్తాలే" అంది.

కొత్తవి కొని ఇల్లు అలంకరించే స్తోమత లేదు. అందుకని వనజాక్షి ముందురోజే టైలరు హజరత్తయ్య దగ్గర ఆకుపచ్చ జాకెట్టు ముక్కలు సంచీడు అడిగి తెచ్చింది. "మామిడాకు మధ్యాన్నానికే వాడిపోద్దన్నా. గుడ్డతో చేస్తే ఏడాదంతా పచ్చగుంటది" అంటే ఆయన మెచ్చుకుని, అంచు పళ్ళుపళ్ళుగా కోసే కత్తెర కూడా ఇచ్చాడు. దాంతో కోస్తే దారాలు ఊడవట.

దారాలు ఊడలేదు. కాకపోతే ముక్కలు చిన్నవి కావడంతో ఆకులు సన్నగా, అంచులు రంపంలాగా వచ్చాయి. వాటిని గుత్తులుగా కట్టి గుమ్మానికి వేలాడదీసింది. చిరిగిన పసుపుపచ్చ చీర పరదా అయింది. పదేళ్ళ కూతురు వెన్నెల కోడిగుడ్ల అట్టలు కత్తిరించి మోదుగుపూలు చేసి, పాత టూత్‌బ్రష్షుతో ఎర్రరంగు చిమ్మింది. సగం పూలమీద, సగం తన మొహంమీద పడింది.

పదిగంటలప్పుడు చేపల గంపతో వచ్చిన చెంచమ్మ గుమ్మం చూసి ఆగిపోయింది. పరదా పక్కనుంచి పాప మొహం కనిపించింది. లోపలినుంచి వనజాక్షి కేక వినిపించింది.

"గోకబాకమ్మే! గోకితే మచ్చలు పడతాయి. ఆరేదాకా ముట్టుకోబాక!"

వేపాకు, పసుపు గుడ్డ, ఎర్ర పొక్కులు. ఇంక అడగడానికేముంది? ఆటలమ్మ పోసిన ఇల్లు! అమ్మవారున్న ఇంటిముందు కేకేసి పిలవకూడదు, వెళ్ళొస్తానని చెప్పకూడదు. చెంచమ్మ చెప్పులు విడిచి, దణ్ణం పెట్టి, చప్పుడు చేయకుండా వెళ్ళిపోయింది.

"చూశావా వెన్నెలా, మన తోరణానికి చెంచమ్మ దణ్ణం పెట్టింది!" అని వనజాక్షి మురిసిపోయింది.

కాసేపటికి గడప దగ్గర ఎవరో రెండు కొబ్బరిబోండాలు పెట్టిపోయారు. ఎదురింటి ముసలమ్మ చెంబెడు అంబలి తెచ్చి గుమ్మం ముందు ధారగా పోసి, "చల్లంగా చూడు తల్లీ" అంది. తోరణం అడగడానికి మొహమాటపడుతోందనుకుని వనజాక్షి, "అట్టాగే పిన్నమ్మా, ముక్కలు మిగిల్తే మీ ఇంటికీ కడతా" అంది. ముసలమ్మ హడలిపోయి వెనక్కి తిరిగి చూడకుండా నడిచింది.

మధ్యాహ్నం పోర్టులో పనిచేసే పెంచలకృష్ణ రొప్పుతూ ఇంటికొచ్చాడు.

"పాపకి అమ్మవారు పోస్తే నాకు చెప్పవా? సూపర్వైజరు తొమ్మిది రోజులు గేటు దిక్కుకే రాబాకన్నాడు! అమ్మవారికి పడదని వీధిలో ఒక్కరూ తాలింపు కూడా పెట్టలా!"

"అమ్మవారేంది? అది ఎర్రరంగయ్యా!"

"మరి ఈ వేపాకు?"

"వేపాకా? అవి మామిడాకులు!"

పెంచలకృష్ణ ఆకుల్ని చూశాడు. తర్వాత భార్య మొహం చూశాడు. "మామిడాకులే" అన్నాడు.

"మీ అక్కకి తెలిసిపోయిందా?"

"చెంచమ్మ కోడలిది వెంకటాచలమే గదా. ఈపాటికి ఊరంతా తెలిసుంటది."

నాలుగుసార్లు ఫోన్ చేశారు. ఆమె ఎత్తలేదు. ఆ కంగారులో పాప మొహం కడగడం కూడా మరిచారు. వనజాక్షి గడపమీద కూలబడింది. "అమ్మవారున్న ఇంటికి ఎవరొస్తారు? ఇంక ఆమె రాదు." కోరింది ఒక్కటే. దేవుడికి వినపడలేదా, వినపడే ఇలా చేశాడా అన్నది ఆమెకు అర్థం కాలేదు.

దీపాలవేళకు ఇంటిముందు ఆటో ఆగింది. చంకలో వేపమండలు, చేతిలో పెద్ద సంచీతో వెంకటశేషమ్మ దిగింది.

"మేనత్తని నేనుండగా పాపని ఇంకెవురు చూస్తారు? నీళ్ళు పోసేదాకా కదలకూడదు గదా, తొమ్మిది రోజులకీ బట్టలు తెచ్చుకున్నా. ఫోనెత్తితే రాబాకంటారని ఎత్తలా" అంటూ కాళ్ళూ చేతులూ కడుక్కుని, నేరుగా లోపలికెళ్ళి, తడిచేత్తో పాప బుగ్గ నిమిరింది. చేతికి ఎరుపు అంటింది. బుగ్గమీద పొక్కులు మాయమయ్యాయి.

"ఏందిమే ఇది?"

"రంగు వదినా."

"మరి గుమ్మానికి వేపాకు?"

"మామిడాకు వదినా... గుడ్డది. మీరొస్తారని చేసినా. ఇల్లు బాగుండాలని..." అంటూ వనజాక్షి పైటకొంగుతో కళ్ళొత్తుకుంది.

వెంకటశేషమ్మ ఇల్లంతా కలయజూసింది. అట్టపూలు, పగిలిన గాజుల తీగలు, గవ్వల దండలు. గుమ్మం దగ్గరికి పోయి ఒక ఆకు పట్టుకుని లాగి చూసింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"దీన్ని మామిడాకంటే మామిడిచెట్టు పోలీసుస్టేషనుకి పోద్ది గదే!"

వనజాక్షికి ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. ఇద్దరూ గడపమీద పక్కపక్కన కూర్చుని, ఊపిరందనంతగా నవ్వారు.

ఉగాదినాడు అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు వెంకటశేషమ్మ కొడుకు ఫోన్ చేశాడు. పాపకెలా ఉంది, ఎప్పుడొస్తావని అడిగాడు.

ఆమె బొబ్బట్టు నములుతూ వనజాక్షి వైపు చూసింది. "ఏం చెప్పేది అబ్బయ్యా, తల్లి ఇంకా దిగలా. తొమ్మిది రోజులూ పట్టేట్టుండాది" అని ఫోన్ పెట్టేసింది.

పండగపూట అమ్మవారి పేరుమీద అబద్ధమాడితే ఆ పాపం ఎవరి ఖాతాలో పడుతుందా అని వనజాక్షి కాసేపు ఆలోచించింది. తేలకపోవడంతో వదినగారికి ఇంకో బొబ్బట్టు వడ్డించింది.