పాస్‌వర్డు మరిచినవారికి పదకొండు పేర్లు

"ఇకమీదట మన మదనపల్లె కంప్యూటర్లలో ఇంగ్లీషుకు చోటు లేదు!"

2009లో టమాటా వ్యాపారుల సంఘం అధ్యక్షులు జయచంద్రగారు మైకులో ఇలా గర్జించారు. ఇంగ్లీషు భయపడిందో లేదో తెలియదు గానీ, నాకు మాత్రం ఆరు నెలల తాత్కాలిక ఉద్యోగం దొరికింది.

సంఘం వెబ్‌సైటుకు మేం వాడిన ఫ్రేమ్‌వర్కు అనే రెడీమేడ్ సాఫ్టువేరులో ఖాతా మెయిళ్లన్నీ ముందే ఇంగ్లీషులో రాసి ఉంటాయి. ఎవరైనా పాస్‌వర్డు మరిచిపోతే చాలు, వాటంతటవే వెళ్లిపోతాయి. వాటిని తెలుగు చెయ్యడమే నా పని. కుదిరితే పర్మనెంటు, లేదంటే ఇంటికి.

రెండే ముక్కలు రాశాను: "పాస్‌వర్డు మరిచిపోయారా? ఇక్కడ నొక్కి కొత్తది పెట్టుకోండి." యార్డుకు సరుకు తెచ్చిన కుప్పమ్మకు చూపిస్తే అర నిమిషంలో పెట్టేసుకుంది.

జయచంద్రగారికి నచ్చలేదు.

"ఏందమ్మా ఇది? మర్యాద యాడుంది? పెండ్లిపత్రిక మాదిరి ఉండొద్దా? మన డైరెక్టర్ల పేర్లు యాల లేవు?"

"సార్, ఇది పాస్‌వర్డు మర్చిపోయినోళ్లకు పోయే మెయిలు."

"మర్చిపోయినోళ్లకే గదమ్మా మన పేర్లు గుర్తు సెయ్యాల్సింది!"

పదకొండు పేర్లు ఎక్కాయి, బిరుదులతో సహా. కుప్పం కుప్పుస్వామిగారి కింద తన పేరుందని పుంగనూరు నారాయణప్పగారు రెండు రోజులు అన్నం మానేశారు! వరుస మార్చాం. పాస్‌వర్డు కాస్తా 'రహస్య సంకేత పదబంధము' అయింది. పేర్లకు అడ్డమొస్తోందని లింకును అట్టడుగుకు తోశారు. అది పది నిమిషాలే పనిచేస్తుందని మొత్తుకున్నాను. జయచంద్రగారు "చదివి ఆమోదించడమైనది" అని సంతకం పెట్టారు.

ప్రారంభోత్సవం రోజున, జిల్లా అధికారి ముందు, గోడంత తెర మీద ఆయనే లాగిన్ కావాలి. పాస్‌వర్డు మరిచిపోయారు! మెయిలు వచ్చింది. తెరంతా నిండింది.

"కిందికి పోండి సార్, లింకు ఆడుండాది," అన్నాను.

ఆయన లింకు చూస్తేగా! రెండో పేరు తనదని చూసి అక్కడే ఆగిపోయారు.

"ఈ నారాయణప్ప నాకంటే పైన ఉండాడే!"

నారాయణప్పగారు లేచారు. "సంతకం పెట్టింది నువ్వే గదప్పా! సదవలేదా?"

"అంత తెలుగు ఎవడు సదువుతాడప్పా!"

మైకు ఆన్‌లోనే ఉంది.

హాలంతా గొల్లున నవ్వింది. ఇద్దరి వాదన ముగిసేసరికి పది నిమిషాలు దాటాయి. లింకు చచ్చిపోయింది.

వెనక వరసలోంచి కుప్పమ్మ లేచింది. "నాకు రెండు ముక్కలే వచ్చినాయి సామీ. మీకు మతిమరుపు ఎక్కువని ఇంత పెద్దది పంపినారా?"

మర్నాడే ఉత్తర్వు: "ఇకపై మెయిళ్లన్నియు ఇంగ్లీషులోనే పంపవలెను. డైరెక్టర్ల పేర్లు మాత్రము తెలుగులో ఉండవలెను."

అనువాదం పోయింది కాబట్టి నేనూ పోయినట్టేనని సంచీ సర్దుకున్నాను. జయచంద్రగారు పిలిచారు.

"యాడికమ్మా? పేర్ల వరస వారం వారం మార్చాలంట. ఎవరు మారుస్తారు?"

నన్ను పర్మనెంటు చేశారు!