రెండుకీ మూడుకీ మధ్య

డిసెంబరు రెండో సోమవారం పొద్దున్న, లిఫ్టుల సర్వీసు సెక్షన్ ఇన్‌చార్జి తన ముగ్గురు సిబ్బందినీ ఒకసారి పరికించి చూసి, వీళ్లకి హుషారు తగ్గిందని తేల్చేసింది. తగ్గినదాన్ని తానే పెంచగలనని కూడా అప్పుడే తేల్చేసింది. ఆవిడకి తన మీద తనకి అంత నమ్మకం.

పనికేం కొదవ లేదు. ఏడాది ముగిసేలోగా ఇంకా పంతొమ్మిది లిఫ్టులకి తనిఖీ పూర్తి కావాలి. కాకపోతే సెక్షన్ ఎత్తేసి నలుగురినీ నాలుగు బ్రాంచీలకి సర్దేస్తామని హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. అది చదివిన దగ్గర్నుంచి అందరూ నీరుగారిపోయారు. ముప్ఫై ఏళ్లుగా లిఫ్టు గుంటల్లోకి దిగి లేస్తున్న పెద్ద మెకానిక్, అందరూ పెద్దాయన అని పిలిచే మనిషి, ఒక్క స్పానరు తుడవడానికి అరగంట తీసుకుంటున్నాడు. ఎలక్ట్రీషియన్ మామూలుగానే మాట్లాడడు కాబట్టి ఆయనకి మౌనం మాస్టారని పేరు. ఇప్పుడు తలూపడం కూడా మానేశాడు. ఎవరు ఏ బిల్డింగుకి వెళ్లాలో చార్టు వేసే అమ్మాయి, ఆ చార్టులో గళ్లకి రంగులు నింపుతూ కూర్చుంటోంది.

ఇన్‌చార్జి పథకం చాలా తేలికైనది. గురువారం మధ్యాహ్నం, వాళ్లకి తెలియకుండా, మీటింగు గదిలో చిన్న వేడుక. గోడ మీద ముగ్గురి ఫొటోలు, వాటి కింద ఇంట్లోవాళ్లు చెప్పిన నాలుగు మంచి మాటలు, ఒక కేకు. ఆ మాటల కోసం ఆవిడ తలుపు వేసుకుని మూడు ఇళ్లకీ ఫోన్ చేసింది.

మొదట పెద్దాయన భార్య.

"మీవారి ఫొటో ఒకటి కావాలండీ. పెద్దది చేయించి గోడకి పెడతాం."

"గోడకా? అదేంటమ్మా! పొద్దున్నే కదా డ్యూటీకి వచ్చారు. బాగానే ఉన్నారా?"

"గుండ్రాయిలా ఉన్నారు. ఇన్నేళ్ల సర్వీసుకి గుర్తుగా, అంతే. గురువారం దాకా ఆయనకి ఒక్క ముక్క కూడా చెప్పకండి."

పెద్దాయన భార్య ఫోన్ పెట్టేసి కుర్చీలో కూలబడింది. గురువారం ఆయన్ని ఉద్యోగంలోంచి సాగనంపుతున్నారని ఆవిడకి అర్థమైపోయింది.

తర్వాత చార్టు అమ్మాయి తల్లి.

"మీ అమ్మాయి గురించి నాలుగు మాటలు చెప్పండి. గుణగణాలూ, ఇష్టాలూ..."

తల్లి గొంతు ఒక్కసారిగా తేనెలో ముంచినట్టయింది. "ఎవరి తరఫునండీ?"

"మా అందరి తరఫునా. మీ అమ్మాయంటే మాకందరికీ ప్రాణం. గురువారమే అనుకుంటున్నాం."

"అంత తొందరగానా?"

"ఏడాది దాటనివ్వకూడదని."

మూడోది మౌనం మాస్టారి భార్య.

"మీవారికి ఏమంటే ఇష్టమండీ?"

"ఎవరు మీరు?"

"ఆయనతో కలిసి పనిచేస్తానండీ. ఆయనకి తెలియకుండా చిన్న సంతోషం కలిగిద్దామని..."

ఫోన్ టప్పున ఆగిపోయింది. సిగ్నల్ బాగా లేదనుకుంది ఇన్‌చార్జి.

మంగళవారం ఆఫీసులో వింతలు మొదలయ్యాయి. పెద్దాయన భార్య రాత్రి అన్నం వడ్డిస్తూ కళ్లు తుడుచుకుందట. ఆయన గుచ్చి గుచ్చి అడిగితే ఆవిడ మొత్తం కక్కేసింది. "నన్ను ఇంట్లో కూర్చోబెడతారా? చూస్తాను" అంటూ ఆయన పొద్దున్న ఏడింటికే సంచీ భుజాన వేసుకుని దిగాడు. ఒక్కరోజులో నాలుగు లిఫ్టులు చూశాడు. పదకొండంతస్తుల బిల్డింగు పైకి మెట్ల మీదుగా ఎక్కాడు.

మౌనం మాస్టారి ఇంట్లో పరిస్థితి వేరు. "ఆవిడెవరు?" అని భార్య అడిగింది. "ఏ ఆవిడ?" అన్నాడాయన. "ఎంతమంది ఉన్నారేంటి?" అందావిడ. అంత పొడుగు సంభాషణ ఆయన జీవితంలో ఎన్నడూ చెయ్యలేదు. మర్నాడు టీ కూడా తాగకుండా ఇంట్లోంచి బయటపడ్డాడు. వీలైనంతసేపు కరెంటు ప్యానెళ్లలో తలదూర్చి, ఒకటయ్యాక ఇంకొకటి పూర్తి చేసుకుంటూ పోయాడు.

చార్టు అమ్మాయికి తల్లి కొత్త బట్టలు కొనిపెట్టి, గురువారం సెలవు పెట్టమంది. "నాకు ఊపిరాడని పనుంది" అందా అమ్మాయి. ఆ మాట అబద్ధం కాకుండా ఉండడానికి, పని మొత్తాన్నీ ఊపిరాడకుండా చార్టులో కుక్కేసింది.

బుధవారం సాయంత్రానికి పద్దెనిమిది తనిఖీలు అయిపోయాయి. ఇన్‌చార్జి కాగితాలు లెక్కపెట్టుకుని పొంగిపోయింది. "ఇంకా కేకు కూడా కొయ్యలేదు, అప్పుడే ఇంత హుషారా!" అనుకుంది. మిగిలిన ఆ ఒక్కటీ వాళ్ల ఆఫీసు బిల్డింగు లిఫ్టే. చేతికందేంత దగ్గర్లో ఉంది కదాని ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

గురువారం మూడింటికి ఆవిడ కిందికి దిగి, కేకు పెట్టె అందుకుని వెనక్కి తిరిగేసరికి లిఫ్టు ముందు ముగ్గురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఒకావిడ కళ్లు వాచి ఉన్నాయి. ఒకావిడ ముఖం వెలిగిపోతోంది. మూడో ఆవిడ హ్యాండ్‌బ్యాగుని గదలా పట్టుకుంది.

"లిఫ్టుల సెక్షన్ ఎక్కడండీ?" అని ముగ్గురూ ఒకేసారి అడిగారు.

"నాలుగో అంతస్తు. రండి, నేనూ అక్కడికే."

లిఫ్టు రెండు దాటింది. మూడు చేరలేదు. కిర్రుమని ఒకసారి మూలిగి ఆగిపోయింది. దీపమూ ఫ్యానూ మాత్రం పనిచేస్తున్నాయి.

"కంగారు పడకండి" అంది ఇన్‌చార్జి, అత్యవసర ఫోన్ మీట నొక్కుతూ. "ఇది పైన మా వాళ్ల దగ్గరే మోగుతుంది. ఈ సెక్షన్ ఇన్‌చార్జిని నేనే."

ముగ్గురూ ఆవిడ వైపు తిరిగారు.

"అమ్మా, ఆయన్ని తీసెయ్యకండి. ఇంట్లో కూర్చుంటే ఆ మనిషి బతకరు" అంది వాచిన కళ్లావిడ.

"ఇంతకీ అబ్బాయి ఏం చేస్తాడండీ?" అంది వెలుగుతున్న ముఖం ఆవిడ.

"ఆ ఫోన్ చేసింది నువ్వేనన్నమాట" అంది హ్యాండ్‌బ్యాగు ఆవిడ.

ఇన్‌చార్జికి వెనక్కి తగ్గడానికి అడుగు జాగా లేదు. మూడు ప్రశ్నలకీ జవాబు ఒక్కటేనని తెలిశాక ఆవిడ కేకు పెట్టె మూత తెరిచింది. కేకు మీద క్రీముతో ముగ్గురు సిబ్బంది పేర్లూ, కింద 'మీరుంటేనే సెక్షన్' అన్న మాటా ఉన్నాయి. ముగ్గురూ చదివారు. తర్వాత హ్యాండ్‌బ్యాగు ఆవిడే ముందు పకపకా నవ్వింది.

"ఎలాగూ ఇరుక్కున్నాం. నేనడిగిన ఆ నాలుగు మాటలు ఇప్పుడైనా చెప్పండి" అంది ఇన్‌చార్జి.

"ఎక్కడ లిఫ్టు ఎక్కినా చెవి పెట్టి వింటారు" అంది పెద్దాయన భార్య. "లోపలున్న చివరి మనిషి దిగేదాకా తను దిగరు. ఇంట్లోనూ అంతే. అందరూ తిన్నాకే తన కంచం."

"వాళ్ల నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఎవరు ఎప్పుడు ఆయన దగ్గరుండాలో చార్టు వేసి గోడకి అంటించింది" అంది తల్లి. "ఆ నెల మమ్మల్ని నిలబెట్టింది ఆ కాగితమే. ఆ మాట దానితో ఇంతవరకూ అనలేదు నేను."

"ఈయన మాట్లాడరు" అంది మూడో ఆవిడ. "పెళ్లయిన కొత్తలో ఒకసారి చీకటంటే భయమన్నాను. ఇప్పుడు మా ఇంట్లో ప్రతి మూలా ఒక చిన్న బల్బు ఉంటుంది. అలాంటాయన మీద ఈ మూడ్రోజులూ... ఛ!"

కేకు కొయ్యడానికి కత్తి లేదు. ఇన్‌చార్జి గుర్తింపు కార్డుతోనే కానిచ్చారు.

చివరికి లిఫ్టు కదిలి, నాలుగో అంతస్తులో తలుపు తెరుచుకుంది. ఎదురుగా సిబ్బంది ముగ్గురూ నిలబడి ఉన్నారు. పెద్దాయన కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. అమ్మాయి వచ్చి తల్లి భుజం మీద తల పెట్టింది. మౌనం మాస్టారు భార్య చేతిలోని హ్యాండ్‌బ్యాగు అందుకుని తన భుజానికి తగిలించుకున్నాడు.

సాయంత్రం పంతొమ్మిదో రిపోర్టు ఇన్‌చార్జి బల్ల మీదికి వచ్చింది. లోపం: తలుపు స్విచ్చులో దుమ్ము. బాగు చెయ్యడానికి పట్టిన సమయం: నాలుగు నిమిషాలు. లిఫ్టు కదిలించడానికి పట్టిన సమయం: ముప్ఫై ఒక్క నిమిషం.

"మాస్టారూ, నాలుగు నిమిషాల్లో బాగైతే మమ్మల్ని అరగంట ఎందుకు ఉంచారు?"

మౌనం మాస్టారు పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన చార్టు అమ్మాయి వైపు చూశాడు. అమ్మాయి తన బల్ల మీది ఫోన్ స్పీకరు వైపు చూసింది.

"మంచి మాటలు నడుస్తున్నాయి కదా మేడమ్" అన్నాడు మౌనం మాస్టారు. "మధ్యలో ఆపడం ఎందుకని."

ఇన్‌చార్జి రిపోర్టు ముందుకి లాక్కుని, 'ఆలస్యానికి కారణం' అన్న గడిలో 'సిబ్బందికి ప్రోత్సాహం' అని రాసి సంతకం పెట్టింది.