నడుం వంచే బెల్టు

ఇకమీదట దేశంలో ఏ పెద్దమనిషీ క్షమాపణ చెప్పడానికి కష్టపడనక్కర్లేదని ఆవిష్కరణల మంత్రి కనెమిత్సు గారు టోక్యోలో ప్రకటించారు. ఆయన స్వయంగా ఒక బెల్టు కనిపెట్టారు. మీట నొక్కితే చాలు, కెమెరాల ముందు నడుం దానంతటదే వంగుతుంది. లోపల మనిషి ఏమనుకుంటున్నా దానికి పట్టదు. ఇంతటి బుర్ర మంత్రివర్గంలో ఉండడం ప్రజల అదృష్టం.

పేటెంటు పని ఇసోబేకి దక్కింది. నిన్నమొన్నటిదాకా అతను పంపుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. నడివయసులో పడుతూ లేస్తూ పరీక్ష గట్టెక్కి పేటెంటు లాయరయ్యాడు. ఇదే మొదటి కేసు.

"ఇది పోతే మళ్ళీ పంపులే," అంది భార్య, మిసో సూపు ముందు పెట్టి.

"రానిస్తారా వాళ్ళు?"

"అడిగే ఉంచాను. రానిస్తారట. మీ శిష్యుడి కింద."

ఇసోబే మంత్రిగారి దగ్గరికి పరిగెత్తాడు. ఆ దేశంలో మంత్రినీ గురువుగారనే అంటారు, లాయరునీ గురువుగారనే అంటారు.

"బెల్టు ఓసారి చూపిస్తారా, గురువుగారూ?"

"అయ్యో, గురువుగారు మీరు!"

"కాదు, తమరే."

ఒకరికొకరు వంగి, ముందు లేచినవాడిది అమర్యాద అవుతుందని ఇద్దరూ లేవలేదు. బెల్టు మాట మరుగున పడింది.

కొన్నాళ్ళకి పేటెంటు ఆఫీసు కాదంది. లోకం ముందే చూసినదానికి పేటెంటు ఇవ్వరు. మనసుతో పనిలేకుండా నడుం వంచడం ఈ దరఖాస్తుదారుడే ఏళ్ళ తరబడి టీవీలో చేసి చూపించాడట. వంతెన కూలినప్పటి వంగుడు, పింఛన్లు గల్లంతైనప్పటి వంగుడు సాక్ష్యంగా జతచేశారు పరీక్షాధికారి నిషిగోరి గారు.

"ఇప్పుడేంటి దారి?" అన్నారు మంత్రిగారు.

"అప్పుడు మీరు మనస్ఫూర్తిగా వంగారని రాసివ్వాలండి. అలాగైతేనే బెల్టు కొత్తది."

"అన్నిసార్లూనా?"

"అన్నిసార్లూ."

"వంతెనప్పుడు కూడానా?"

"ఒక్కటి వదిలినా పోతుందండి."

మంత్రిగారు నిట్టూర్చారు. "రాయండి. చట్టం కదా, తప్పుతుందా!"

నీళ్ళు రాని పంపు మీద ఇసోబే ఏనాడూ సంతకం పెట్టినవాడు కాదు. కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. శిష్యుడి మొహం కళ్ళముందు కదిలింది. పెట్టేశాడు.

నిషిగోరి గారు కాగితం చదివి కళ్ళజోడు తీశారు. "ఇది నిజమేనా, లాయరుగారూ?"

"సంతకం ఉందండి."

"అది కనిపిస్తూనే ఉంది." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "సరే. మనసు కొలిచే పరికరం మా ఆఫీసుకి ఇవ్వలేదు," అని ముద్ర వేశారు.

మర్నాడు మంత్రిగారు పత్రికల వాళ్ళని పిలిచారు. తన క్షమాపణలన్నీ మనస్ఫూర్తివేనని సాక్షాత్తు ప్రభుత్వమే ముద్ర వేసిందన్నారు. పేటెంటుకి పటం కట్టించి కుర్చీ వెనక వేలాడదీశారు.

వారం తిరక్కుండా ఇసోబే ఇంటి మెట్ల మీద క్యూ కట్టారు మంత్రులు, మాజీ మంత్రులు, ఒక బ్యాంకు పెద్ద. ఒకరిది కన్నీరు కార్చే కళ్ళజోడు, ఇంకొకరిది గొంతు వణికించే మైకు. భార్య టీలు అందించలేక సతమతమైంది.

ఇసోబే సంతోషం పట్టలేక మంత్రిగారికి ఫోను చేశాడు. "మా పాత ఫ్యాక్టరీవాళ్ళు బెల్టు తయారు చేస్తామంటున్నారండీ. మాట్లాడమంటారా?"

"ఏ బెల్టు?" అన్నారు మంత్రిగారు.