రెండు స్వెటర్లు, ఒక తువ్వాలు, ఒక సూటు

ఆదివారం పొద్దున పుల్లగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా బజారుకు వెళ్ళాలి, చవకలో ఒక రెడీమేడ్ సూటు కొనాలి, దాన్ని ఏ దర్జీ చేతనో వంటికి సరిపడా చేయించుకోవాలి. ఇందులో తలకిందులయ్యేది ఏముందని మీరూ అనుకుంటారు. ఆయనా అలాగే అనుకున్నారు.

పుల్లగారన్నది ఆయన అసలు పేరు కాదు. అసలు పేరు జీతం కాగితం మీద ఉంటుంది, నెలకోసారి ఆయనే చదువుకుంటారు. మనిషి ఎంత సన్నమంటే, ఆయన ఉండగానే గదిలో ఎవరూ లేరనుకుని లైటు ఆర్పేసి తాళం వేసుకుపోయిన వాళ్ళున్నారు. ఆఫీసు రికార్డు గదిలో పదిహేడేళ్ళుగా గుమాస్తా. ఏ ఫైలు ఏ బీరువాలో ఏ వరసలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలరు. ఆ గదికి సూపర్‌వైజరు కావాలన్నది ఆయనకున్న ఒకే ఒక్క కోరిక. అందుకోసం రెండుసార్లు ఇంటర్వ్యూకి వెళ్ళారు. రెండోసారి కూడా ఆ కుర్చీ దక్కకపోయాక ధైర్యం చేసి డైరెక్టరుగారిని వరండాలో ఆపి కారణం అడిగితే, ఆయన నొచ్చుకుంటూ, "అయ్యో, ఆ రోజు మీరు రాలేదు కదండీ!" అన్నారు. వెళ్ళి, ఎదురుగా ఇరవై నిమిషాలు కూర్చుని వచ్చిన మనిషికి ఇంతకన్నా అవమానం ఏముంటుంది?

ఇప్పుడా కుర్చీ మళ్ళీ ఖాళీ అయింది. గురువారం ఇంటర్వ్యూ. అందరూ సూటు వేసుకు రావాలని సర్క్యులర్.

"మంచిదేగా! సూటు వేసుకుంటే మనిషి నిండుగా కనపడతాడు," అంది భార్య.

ఆ 'నిండుగా' అన్న మాట పట్టుకునే ఆయన బజారుకు బయల్దేరారు.

దుకాణంలో కుర్రకారు కిటకిటలాడుతోంది. సేల్స్‌మన్ ఉన్నవాటిలోకెల్లా చిన్న సైజు కోటు తీసి ఆయనకు తొడిగాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. వెనక్కి నాలుగడుగులు వేసి చూశాడు. ఆ కోటులో పుల్లగారు ఉండగా మిగిలిన చోట ఇంకొకరు సుఖంగా కాపురం పెట్టొచ్చు. సేల్స్‌మన్ మెట్ల దగ్గరకు వెళ్ళి పై అంతస్తుకు వినపడేలా కేకేశాడు.

"పైన పిల్లల సెక్షన్లో పెద్ద సైజేమైనా ఉందేమో చూడండి! పిల్లాడికి కాదు, ఈ పెద్దాయనకే!"

దుకాణమంతా ఇటు తిరిగింది. పుల్లగారికి తల కొట్టేసినట్టయింది. "అక్కర్లేదు, ఇదే ఇచ్చెయ్యండి," అని గొణిగి, ఆ వదులు సూటే కట్టించుకుని, ఎవరి ముఖమూ చూడకుండా బయటపడ్డారు.

"సూటు దొరికిందా?" అని అడిగింది భార్య.

"దొరికింది."

"మరి ముఖం అలా వేలాడేసుకొచ్చారేం?"

"ఎండ," అన్నారాయన.

ఆ రోజంతా ఆయన చెవుల్లో ఆ కేకే మోగుతూ ఉంది. దర్జీ కూడా టేపు పెట్టి, నలుగురి ముందు అలాగే అరిస్తే? అంత సిగ్గు మళ్ళీ పడటం తన వల్ల కాదు. సోమవారం సాయంత్రం భార్య పక్కింటికి వెళ్ళిన సమయం చూసి అలమర తెరిచారు. తన స్వెటరు వేసుకున్నారు. చాల్లేదు. దాని మీద భార్య స్వెటరు వేసుకున్నారు. గులాబీ రంగు ఊలు, గుండెల మీద రెండు పెద్ద పువ్వులు. నడుముకు ఒక తువ్వాలు చుట్టుకుని, పైన చొక్కా తొడిగారు. ఆయన చొక్కాలన్నీ ఎలాగూ వదులే కాబట్టి గుండీలు చక్కగా పట్టాయి. అద్దంలో చూసుకుంటే ఎవరో పెద్దమనిషి కనపడ్డాడు. పుల్లగారికి ఆ పెద్దమనిషి ఎంతో నచ్చాడు.

వచ్చిన చిక్కల్లా, అది ఎండాకాలం. దర్జీ కొట్టు చేరేసరికే ముచ్చెమటలు పోశాయి.

టైలరు మాస్టారికి డెబ్భై ఏళ్ళుంటాయి. మెడలో టేపు, చెవి మీద పెన్సిలు. ఛాతీ కొలిచాడు. ఆగాడు. కళ్ళజోడు ముక్కు మీదకు దించి ఆయన మెడ చూశాడు. చెయ్యి పట్టుకుని మణికట్టు చూశాడు. మళ్ళీ ఛాతీ చూశాడు.

"వంట్లో బాగానే ఉందా బాబూ?"

"దివ్యంగా ఉంది మాస్టారూ. ఎందుకు?"

"ఏం లేదు. చెమటలు పోస్తుంటేనూ."

"నాది వేడి శరీరం," అన్నారు పుల్లగారు. పుట్టి బుద్ధెరిగాక తన ఒంటి గురించి ఆయన గర్వంగా చెప్పుకున్న మొదటి మాట అదే.

మాస్టారు పుస్తకంలో ఏవో అంకెలు రాసుకున్నాడు. కోటు పక్కలు, ప్యాంటు నడుము సరిచేసి గురువారం పొద్దున తొమ్మిదిన్నరకు ఇస్తానన్నాడు.

గురువారం పుల్లగారు ఇంటి నుంచే రెండు స్వెటర్లూ తువ్వాలూ బిగించుకుని కొట్టుకు వెళ్ళారు. మరి ఆ కొలతలకే కదా సూటు సరిచేసింది!

"ఒక్కసారి తొడిగి చూసుకోండి," అన్నాడు మాస్టారు.

తొడగాలంటే అక్కడ చొక్కా సర్దుకోవాలి, గుట్టు బయటపడుతుంది. "టైము లేదు మాస్టారూ," అని సంచి లాక్కుని పరుగెత్తారు.

పది గంటల ఇంటర్వ్యూకి పది నిమిషాల ముందు, ఆఫీసు బాత్రూములో గడియ పెట్టుకుని సూటు తీశారు. ప్యాంటు తొడల దాకా వచ్చి మొరాయించింది. కోటు భుజాల దగ్గర ఇరుక్కుంది. గుండీకీ కాజాకీ మధ్య జానెడు దూరం. పుల్లగారి పై ప్రాణాలు పైనే పోయాయి. వెంటనే మాస్టారికి ఫోన్ చేశారు.

"కొంప మునిగింది మాస్టారూ! సూటు పట్టడం లేదు!"

అవతల కుట్టుమిషను ఆగిన చప్పుడు వినపడింది.

"లోపల వేసుకున్నవి తీసెయ్యండి బాబూ."

"మీకు... తెలుసా?" అన్నారు పుల్లగారు.

"మెడ చూశాను, మణికట్టు చూశాను. అసలు కొలత వాటిని బట్టి వేసుకున్నాను. లావుగా ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టి కొలతలిస్తారు, మీలాంటి వాళ్ళు ఊలు చుట్టుకొస్తారు. నాకు కొత్తేం కాదు గానీ, త్వరగా కానివ్వండి." మళ్ళీ మిషను మొదలైంది.

ఆయన ముందు ఎవరూ లేకపోయినా పుల్లగారు సిగ్గుతో చచ్చిపోయారు. చచ్చిపోతూనే అన్నీ విప్పారు. సూటు తొడుక్కున్నారు. అది ఆయన కోసమే పుట్టినట్టు అమిరింది. సంచిలో పాత ప్యాంటు మాత్రమే పట్టింది. చెమటతో తడిసిన స్వెటర్లను ఏం చెయ్యాలా అని చూస్తుండగానే బయట వాచ్‌మన్ కేక వినపడింది.

"పుల్లగారూ! మీ వంతండీ! ఉన్నారా?"

స్వెటర్లనూ తువ్వాలునూ మూటగట్టి, బకెట్టు వెనక కుక్కి, సంచి చంకన పెట్టుకుని పరుగెత్తారు.

డైరెక్టరుగారు భారీ మనిషి. బిగుతు కోటులో నిటారుగా కూర్చుని ఉన్నారు. పక్కన సిబ్బంది వ్యవహారాలు చూసే ఆఫీసరు. డైరెక్టరుగారు పుల్లగారిని ఎగాదిగా చూసి, "రండి రండి. మీరు ఆఫీసులో కొత్తగా చేరారా?" అన్నారు.

"పదిహేడేళ్ళయిందండీ," అన్నారు పుల్లగారు. అయినా మనసులో సంతోషమే వేసింది. కనపడ్డాను!

ఆ సంతోషం ఒక్క నిమిషం నిలిచింది. తలుపు తోసుకుని వాచ్‌మన్ వచ్చాడు. చేతిలో కర్ర, కర్ర చివర మూట.

"సార్! మగవాళ్ళ బాత్రూములో ఆడవాళ్ళ స్వెటరు దొరికింది సార్! ఇంకా వెచ్చగా ఉంది!"

గులాబీ రంగు ఊలూ, దాని మీది పువ్వులు రెండూ బల్ల మీద పరుచుకున్నాయి. ఆఫీసరు కళ్ళు పెద్దవయ్యాయి.

"ఈ ఊలు అల్లికలన్నీ మన టైపిస్టమ్మ పని. ఆవిణ్ణి పిలవండి."

టైపిస్టు వచ్చింది. రిటైరవడానికి ఇంకో ఏడాది ఉన్న మనిషి. ఆఫీసులో పుల్లగారిని రోజూ 'బాగున్నారా' అని ఎదురుపడి అడిగేది ఆవిడొక్కతే.

"ఇది మీదేనా? మగవాళ్ళ బాత్రూములోకి ఎందుకు వెళ్ళారు?" అని గద్దించాడు ఆఫీసరు.

"నేనా? ఈ వయసులో నన్ను పట్టుకుని అంత మాటంటారా?" ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నాది కాదండీ. ఒట్టు."

"మరి ఎవరిది? విచారణ వెయ్యాల్సిందే!"

పుల్లగారు నోరు విప్పితే ఉద్యోగం మాట అటుంచి, రేపటి నుంచి ఆఫీసులో తలెత్తుకోలేరు. విప్పకపోతే ఆవిడ తలెత్తుకోలేదు. కాళ్ళు వాటంతటవే లేచి నిలబడ్డాయి.

"అది మా ఆవిడదండీ."

ఆఫీసరు స్వెటరునూ పుల్లగారినీ మార్చి మార్చి చూశాడు.

"మీ ఆవిడా? మీ ఆవిడ మగవాళ్ళ బాత్రూములో ఏం చేస్తోందయ్యా?" అన్నాడు ఆఫీసరు.

"గేటు మూసేస్తాను సార్! ఇంకా ఇక్కడే ఉండుంటుంది!" అని వాచ్‌మన్ కర్ర ఎత్తుకుని పరుగు తీశాడు. బయట వరండాలో "పుల్లగారి భార్యట! ఎవరైనా చూశారా?" అన్న అరుపు, గదుల తలుపులు తెరుచుకుంటున్న చప్పుళ్ళు.

"ఆగవయ్యా బాబూ!" పుల్లగారు పదిహేడేళ్ళలో ఎన్నడూ వాడని గొంతుతో అరిచారు. "మా ఆవిడ ఇంట్లో ఉంది! స్వెటరు వేసుకున్నది నేను! రెండూ నేనే వేసుకున్నాను! తువ్వాలు కూడా!"

"ఎందుకు?" అన్నారు డైరెక్టరుగారు.

"లావుగా కనపడదామని," అన్నారు పుల్లగారు. భూమి విచ్చుకుంటే లోపలికి దిగిపోదామనిపించింది. "పోయినసారి మీకు కనపడలేదు కదండీ."

టైపిస్టమ్మ కళ్ళు ఒత్తుకోవడం మానేసి ఆయన వైపే చూస్తోంది. డైరెక్టరుగారు చెయ్యి ఊపి అందర్నీ బయటికి పంపారు. తలుపు మూసుకున్నాక పుల్లగారి కోటును పరీక్షగా చూశారు.

"ఈ సూటు ఎవరు కుట్టారు?"

పుల్లగారు చెప్పారు. స్వెటర్లతో కొలతలివ్వడం, మాస్టారు మణికట్టు చూసి అసలు సంగతి పట్టెయ్యడం, ఫోన్లో మాట, అంతా చెప్పుకున్నారు. చెబుతున్నంతసేపూ బూట్లే చూసుకున్నారు.

డైరెక్టరుగారు నెమ్మదిగా కోటు గుండీ విప్పారు. కింది గుండీ కూడా విప్పారు. లోపల ఎప్పటి నుంచో దాచిపెట్టుకున్న పొట్ట హాయిగా బయటికి వచ్చి బల్లకు ఆనుకుంది.

"మూడేళ్ళుగా ఊపిరి బిగబట్టి కొలతలిస్తున్నానండీ. నా దర్జీ వెధవ ఒక్కసారీ కనిపెట్టలేదు," అన్నారాయన దిగులుగా. "ఆ మాస్టారి అడ్రసు ఇచ్చి వెళ్ళండి. ఇంతకీ మీరు పోయినసారి నిజంగా వచ్చారా?"

"రెండుసార్లూ వచ్చానండీ."

"ఇకమీదట మిమ్మల్ని మర్చిపోవడం నా వల్ల కాదు లెండి."

సోమవారం నాడు ఉత్తర్వు వచ్చింది. పుల్లగారు సూపర్‌వైజరయ్యారు. కొత్త కుర్చీలో కూర్చోవడానికి వెళ్తుంటే దారి పొడుగునా అందరూ ఆయన్ను చూశారు, చూసి నవ్వారు కూడా. టైపిస్టమ్మ మాత్రం నవ్వకుండా, "చలికాలానికి మీకో స్వెటరు అల్లి పెడతాను, కొలతలివ్వండి," అంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

ఆయన సంతకం కోసం బల్ల మీదకు వచ్చిన మొదటి పని, దొరికిన వస్తువుల రిజిస్టరు. వాచ్‌మన్ అప్పటికే పద్ధతి ప్రకారం రాసేశాడు: స్వెటర్లు రెండు, తువ్వాలు ఒకటి. వస్తువు తిరిగి తీసుకోవాలంటే, అక్కడ వదిలి వెళ్ళిన కారణం ఆఖరి గడిలో నింపాలి. పుల్లగారు తలుపు వైపు ఒకసారి చూసుకుని, పెన్ను తీసి, తన ముత్యాల్లాంటి అక్షరాలతో నింపారు:

"యజమాని హఠాత్తుగా చిక్కిపోవడం వల్ల."