పైవారి పరిశీలనకు

తనను కిందికి దించమని బొడ్డేపల్లి పైడిరాజు అంతరిక్షం నుంచి పెట్టుకున్న అర్జీ, అన్ని ఆఫీసులూ తిరిగి తిరిగి, తుది నిర్ణయం కోసం పైడిరాజు దగ్గరికే వచ్చింది.

ఇందులో ఎవరి తప్పూ లేదు. ఆయన్ని ఎక్కించడానికి ప్రభుత్వం ఒక పద్దు కింద నిధులిచ్చింది, అవి ఖర్చయ్యాయి. దిగడం వేరే పద్దు. అది తెరవాలంటే పైవాళ్ళు ఒప్పుకోవాలి. గుమాస్తా "పైవారి పరిశీలనకు" అని రాసి సూపరింటెండెంటుకు పంపాడు. ఆయన అదే మాట రాసి ఇంకా పైకి పంపాడు. అలా ఎక్కుతూ ఎక్కుతూ ఫైలు కార్యదర్శి బల్ల మీదికి చేరింది. మంత్రిగారి కుర్చీ అప్పటికి ఖాళీ. పాపం, కార్యదర్శి వెనక్కి వాలి కాసేపు ఫ్యానును చూశాడు, తర్వాత కిటికీలోంచి ఆకాశాన్ని చూశాడు. దేశంలో అందరికంటే పైన ఉన్న ప్రభుత్వోద్యోగి ఎవరో అప్పుడు తట్టింది.

ఫైలు సరుకుల నౌకలో వచ్చింది. బరువెక్కువవుతుందని ఒక బియ్యం బస్తా దింపేశారు.

పైడిరాజుకు ప్రాణం లేచొచ్చింది. కింద కూతురికి అయిదో ఏడు నడుస్తోంది. వాళ్ళ నాన్న వచ్చి పళ్ళెంలో బియ్యం మీద చెయ్యి పట్టి దిద్దించాకే పాప బడికి వెళ్తుందని భార్య వరాలు పట్టుబట్టి కూర్చుంది. ఆయన "మంజూరు" అని రాసి, పొంగిపోతూ సంతకం పెట్టాడు.

ఆ సంగతి కిందికి చెప్పగానే రేడియోలో అండర్ సెక్రటరీ శ్రీరంగనాయకులు పలికాడు.

"సార్, ఎవరి అర్జీ వాళ్ళే మంజూరు చేసుకోకూడదండి. రూలు ఒప్పదు."

"మరేటి చెయ్యమంటారండీ?"

"మామూలేనండి. పైకి పంపించండి."

"పైనెవులున్నారండీ? అంతా చీకటే."

"అది మా పరిధిలోకి రాదండి," అన్నాడాయన మర్యాదగా.

జనానికి అంతరిక్షం చూపించి తెచ్చే ప్రైవేటు కంపెనీ బండి రోజూ పైడిరాజు కిటికీ పక్కనుంచే పోతుంది. ప్రయాణికులు ఆయనతో ఫోటోలు దిగుతారు. ఆ రోజు ఆయన కిటికీ తట్టి ఆపించాడు. కంపెనీ అమ్మాయి తన్మయి తలుపు తీసింది.

"మాకు పైవాళ్ళంటూ ఎవరూ లేరు సర్. ఇన్వెస్టర్లే," అంది నవ్వుతూ.

"అయితే నన్ను దించేయొచ్చు కదమ్మా? సీటు ఖాళీగానే ఉంది."

"మిమ్మల్ని దించుతామనే కదా సర్ మాకు ఫండింగ్ వచ్చింది! దించేస్తే తర్వాతి రౌండులో ఎవరిని చూపిస్తాం?"

ఆ మాటలో మోసమేమీ కనిపించలేదు పైడిరాజుకు. ప్రభుత్వం నిధుల్లేక దించడం లేదు, కంపెనీ నిధులు ఆగిపోతాయని దించడం లేదు. తన్మయి ఆయనకు వేయించిన జీడిపప్పు పొట్లం ఒకటి ఇచ్చి వెళ్ళింది.

ఫైళ్ళు ఒకసారి దారి మరిగాక ఊరుకుంటాయా? ఏదో ఊరి బోరుబావి వచ్చింది. సగంలో ఆగిన వంతెన వచ్చింది. ఒక ముసలమ్మ పింఛను కాగితం చదివి పైడిరాజు కళ్ళు తుడుచుకున్నాడు కూడా. కానీ తన అర్జీయే తేల్చుకోలేనివాడు ఒకరిది ఏం తేలుస్తాడు? బరువే లేని చోట పైనేదో కిందేదో తెలియదు గనక, ఒక గోడను ఎంచుకుని దాని మీద "పైన" అని రాసుకున్నాడు. అన్నిటికన్నా ముందు తన ఫైలును అక్కడ అంటించాడు. తర్వాత వచ్చినవన్నీ "పైవారి పరిశీలనకు" అని రాసి దాని పక్కనే అంటించసాగాడు. కొన్నాళ్ళకు చేతికి అలవాటైంది. రాత కూడా ముత్యాల్లా కుదిరింది.

ఒక రోజు వచ్చిన కాగితం మీద వరాలు సంతకం ఉంది. ఇంట్లో ఆఫీసువాళ్ళు పెట్టిన రేడియోలో ఇంటి సంగతులు మాట్లాడుకోకూడదు. అందుకని ఆమె అనుమతి అడిగింది: ఆయన ఇప్పట్లో దిగేలా లేడు కాబట్టి, పైనుంచే ఓనమాలు పలికితే, పాప చెయ్యి తానే పట్టుకుని దిద్దిస్తుంది. అయిదు నిమిషాలు చాలు.

పైడిరాజుకు బియ్యంలో కదిలే చిన్న వేలు కళ్ళ ముందు కనబడింది. "మంజూరు" అని రాద్దామనే కలం తీశాడు. సొంత కుటుంబం వ్యవహారం, తాను తేల్చకూడదు. ఆ రూలు గుర్తు తెచ్చుకునే లోపే చెయ్యి అలవాటుగా "పైవారి పరిశీలనకు" అని రాసుకుపోయింది. ముత్యాల్లాంటి అక్షరాలను ఒకసారి చూసుకుని, కాగితాన్ని గోడకు అంటించాడు.

కింద, ఆఫీసు వరండాలో, శ్రీరంగనాయకులు వరాలుతో, "మీ అర్జీ పైకి వెళ్ళిందమ్మా," అన్నాడు.

వరాలు మొహం విచ్చుకుంది.

"పైన మా ఆయనే కదేటండి ఉన్నాడు! ఇంకేటి బెంగ? అయిపోద్ది," అంది.

ఇంటికి వెళ్ళి, పళ్ళెంలో బియ్యం పరిచి, పాపను రేడియో ముందు కూర్చోబెట్టింది.