పొగగొట్టాల కాలనీలో పాలు పొంగిన పొద్దు

చప్పుడు కాకుండా కొత్తింట్లో పాలు పొంగించి, చప్పుడు కాకుండా బయటపడాలి. ఆ పొద్దున జగదీశ్వర్ వేసుకున్న పథకం అంతే. ముహూర్తం ఆరూ నలభైకి. పదకొండింటికి కాలనీ కార్యదర్శి మహేశ్వర్ ఎన్‌ఓసీ మీద, అంటే ఈ మనిషి ఇక్కడ ఇల్లు కొనుక్కుంటే మాకు అభ్యంతరం లేదనే కాగితం మీద, సంతకం పెడతాడు. రెండింటికి రిజిస్ట్రేషన్. ఈ రోజు దాటితే మూఢం. మూడు నెలల దాకా మళ్ళీ ముహూర్తం లేదు. ఇల్లు అమ్మే ఆసామి అన్నాళ్ళు ఆగే రకం కాదు, ఆయన చేతిలో ఇంకో బేరం సిద్ధంగా ఉంది.

ఇబ్రహీంపట్నం నుంచి ఆదిభట్లకు పోయే దారిలో, కంపెనీ బస్సులు తిరగడం మొదలయ్యాక జొన్నచేలున్న చోట నలభై ఇంగ్లిష్ ఇళ్ళు లేచాయి. ఏటవాలు కప్పు, తెల్ల కంచె, ముందు నున్నగా కత్తిరించిన గడ్డి, కప్పు మీద ఇటుక రంగు పొగగొట్టం. గేటు కమాను మీద బ్రాంబుల్‌వుడ్ కాటేజెస్ అని రాసి ఉంటుంది. ఆ పేరు నోరు తిరగక ఊళ్ళోవాళ్ళు పొగగొట్టాల కాలనీ అన్నారు. అక్కడ బట్టలు బయట ఆరేయకూడదు. కుక్కర్ కూత పక్కింటికి వినపడకూడదు. పొద్దున ఎనిమిదిలోపు ఎవరూ ఏ చప్పుడూ చేయకూడదు. కొత్తగా కొనేవాళ్ళు మొదటిరోజే నియమం తప్పితే ఎన్‌ఓసీ ఇవ్వరు.

జగదీశ్వర్ మనసు దోచింది ఆ నియమాలే. మండలాఫీసులో ఇరవై ఆరేళ్ళుగా జనం అరుపులు విన్నాడు. ఇంటికొస్తే ఇల్లు బస్టాండు పక్కన. కాస్త నిశ్శబ్దం కొనుక్కుందామని నాయన ఇచ్చిన ఎకరం అమ్మేశాడు. ఆర్నెల్లుగా ఆఫీసులో ఒకటే ముచ్చట. "చలికాలంల హాల్లనే నిప్పేసుకొని, ముంగట కుర్సేసుకొని కూసుంటం." ఇబ్రహీంపట్నంలో చలి ఎన్నాళ్ళుంటుందని ఎవరూ అడగలేదు. అడిగినవాళ్ళ ఫైలు కదలదని అందరికీ తెలుసు.

పథకంలో ఆయన లెక్కవేయనిది ఒక్కటే, అక్క సీతాబాయి. కొత్తింట్లో పాలు పొంగించేది ఆడబిడ్డ. ఆ హక్కు ఆమె ఎవరికీ వదలదు. ఆరింటికల్లా గోనెసంచితో ఆటో దిగింది. సంచిలో కట్టెలు, పిడకలు.

వంటింట్లో ఇండక్షన్ పొయ్యి చూసి, "గిదేంది?" అంది.

"పొయ్యే అక్కా. కరెంటుది," అన్నాడు జగదీశ్వర్ గుసగుసగా.

"నిప్పేది?"

"నిప్పుండది. వేడి ఉంటది."

"నిప్పు లేకుంట పాలు పొంగిస్తె ఆలుమగలు కొట్లాడుకుంటరు రా."

నిప్పు మీద పొంగించిన పాత ఇంట్లో తాము తక్కువ కొట్లాడుకున్నామా అని అడగబోయి, జగదీశ్వర్ భార్య స్వరాజ్యం నాలుక కరుచుకుంది. భర్త మొహం చూస్తే ఆ పూట ఆయనతో కొట్లాడాలనిపించలేదు.

పెరట్లో ముట్టిద్దామంటే గడ్డి కాలుతుంది. అటూ ఇటూ చూస్తుంటే సీతాబాయి కంట హాల్లో గోడకున్న ఇంగ్లిష్ పొయ్యి పడింది. చుట్టూ పాలరాయి, లోపల నల్లటి గూడు, ఆ గూట్లో ప్లాస్టిక్ పూలకుండీ.

"ఇంట్ల గింత పెద్ద పొయ్యి వెట్టుకొని, పైన పొగగొట్టం వెట్టుకొని, నన్ను కరెంటు పలక మీద పొంగియ్యమంటవా?"

ఆర్నెల్లుగా తను చెబుతున్నదే అక్క చెప్పింది. జగదీశ్వర్ పూలకుండీ తీసి పక్కన పెట్టాడు. నాలుగేళ్ళలో ఆ నలభై ఇళ్ళలో ఎవరూ ఆ గూట్లో అగ్గిపుల్ల గీయలేదన్న సంగతి ఆయనకు తెలియదు.

పిడకలు బ్రహ్మాండంగా అంటుకున్నాయి. పొగ గూట్లోకి లేచి, పైకి పోయినట్టే పోయి, తిరిగొచ్చి హాల్లో కూర్చుంది. మూడు నిమిషాల్లో ఎదురుగా ఉన్న మనిషి కనపడలేదు. అంతలో కప్పుకు బిగించిన, పొగ తగిలితే మోగే గంట కీచుమంటూ మొదలుపెట్టింది. స్వరాజ్యం చీపురుకట్టతో దాన్ని నాలుగు పొడిచింది. అది ఇంకాస్త గట్టిగా అరిచింది.

"అక్కా, లేవే! బయటికి పోదం," అని దగ్గుతూ బతిమాలాడు జగదీశ్వర్.

"పాలు పొంగకముందు ఆడబిడ్డ లేస్తె ఇల్లు నిలవది. ముప్పై ఏండ్లు కట్టెలపొయ్యి ఊదిన, నాకు గీ పొగెంత? నువ్వు పో," అంటూ ఆమె తడికొంగు ముక్కుకు చుట్టుకుని నేలకు వంగి ఊదుతూనే ఉంది.

కిటికీలు తెరిచి, భార్యను, పాలు పొంగించడం చూడ్డానికొచ్చిన నలుగురు చుట్టాలను లాక్కుని జగదీశ్వర్ గడ్డిలోకి వచ్చి పడ్డాడు. పక్కింటి అంకిత మేడ మీంచి చూసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పొగ అని పెట్టింది. రెండో ఇల్లు దాన్ని మంటలు చేసింది. మూడో ఇల్లు సిలిండర్ పేలిందంది. నాలుగో ఇల్లు లోపల ముసలావిడ ఇరుక్కుందని పెట్టింది. ఎవరో ఫైరింజన్‌కు ఫోన్ కొట్టారు.

గేటు దగ్గర వాచ్‌మన్ అంజిలయ్య సంకటంలో పడ్డాడు. విజిల్ ఊదకూడదని సంఘం తీర్మానం. కార్యదర్శికి ఫోన్ చేసి, "సార్, ఇల్లు కాలుతున్నట్టుంది, విజిలు కొట్టనా?" అని మెల్లగా అడిగాడు.

మహేశ్వర్ పైజమా మీదే పరుగెత్తుకొచ్చాడు. అంత కంగారులోనూ గొంతు పెంచలేదు.

"జగదీశ్వర్ గారూ, టైమ్ ఆరూ యాభై. ఎన్‌ఓసీ సంగతి ఇంక మర్చిపోండి."

ఎకరం పోయింది, ఇల్లు పోయింది, లోపల అక్క ఉంది. కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియక జగదీశ్వర్ గడ్డిలో కూలబడ్డాడు.

అప్పుడే సైరన్ మోగిస్తూ ఫైరింజన్ వచ్చింది. కమాను ఎత్తు చాలక, బ్రాంబుల్‌వుడ్‌లో సగం అక్షరాలు నెత్తిన వేసుకుని లోపలికొచ్చింది. సిబ్బంది ఇద్దరు తలుపులోంచి తొంగి చూశారు. మంటలు లేవు, పొయ్యి ముందు ఒక ముసలావిడ పోండ్రి పోండ్రి అని చెయ్యి ఊపుతోంది. వాళ్ళలో బాలరాజ్ అనే అతను ఆలోచించి, "గొట్టంల పిట్ట గూడు వెట్టినట్టుంది. పైకెల్లి తీస్త," అని నిచ్చెనేసుకుని కప్పెక్కాడు. పొగగొట్టాన్ని పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. అది మొత్తంగా ఊడి చేతుల్లోకి వచ్చింది. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు దాన్ని ఎత్తుకుని కిందికి చూశాడు.

"సార్, గిది గొట్టం గాదు! ఉత్త డబ్బా! దీని కింద బొక్కనే లేదు!"

కాలనీవాళ్ళు నాలుగేళ్ళుగా కోరుకున్న నిశ్శబ్దం అప్పుడు నిజంగా దొరికింది. తర్వాత ఒక్కొక్కరూ తలెత్తి తమ తమ కప్పుల వైపు చూసుకున్నారు. బూజుకర్రలు బయటికొచ్చాయి. పన్నెండో నంబరు గొట్టం ఒక్క పోటుకే పక్కకు ఒరిగింది. ముప్పయ్యో నంబరుది దొర్లి గులాబీల్లో పడింది.

"మరి ఏడాదికి రెండుసార్లు పొగగొట్టాలు సాఫ్ చేపిస్తున్నమని నోటీసులు పెట్టినవ్ గద సార్? ఏం సాఫ్ చేపిచ్చినవ్?" అంది అంకిత.

మహేశ్వర్ నోట్లోంచి పుట్టినూరు నాదర్‌గుల్ యాస ఒక్కసారిగా బయటపడింది. "నాకేమెర్కనే! బిల్డర్ తోలిన మనిషి నిచ్చెనెక్కిండు, దిగిండు. నేను సంతకం వెట్టిన!"

ఆ మాటతో నలభై ఇళ్ళవాళ్ళూ ఒక్కసారిగా లేచారు. అప్పుడు ఏడూ ఇరవై అయింది. గడియారం ఎవరూ చూడలేదు. ఇన్నాళ్ళూ గుసగుసలాడిన గొంతులు బిల్డర్‌ను, బిల్డర్ తాతను పేరుపేరునా తలుచుకున్నాయి. అంజిలయ్య కూడా అదే అదనని విజిల్ తీసి ఊదాడు.

ఆ గోలలోకి సీతాబాయి గిన్నె పట్టుకుని నడిచొచ్చింది. మొహం మసి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. జగదీశ్వర్ చిన్నపిల్లాడిలా పరుగెత్తి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"తమ్మీ, పాలు పొంగినయి. తూర్పు దిక్కే పొంగినయి," అందామె.

అక్కడే, ఆ గడ్డిలోనే, అందరికీ తలా గుక్కెడు పాలు అందాయి. తాగుతూ తాగుతూ పన్నెండో నంబరాయన అసలు మాట అన్నాడు.

"నాలుగేండ్ల సంది ఒక్కడన్న ముట్టిచ్చి చూసినమా? గీ సారు ఒక్కపూటల చూసిండు. గీనెనే సెక్రెటరీని చేద్దం. పైకెల్లి మండలాఫీసాయన, బిల్డర్‌తోని మాట్లాడనీకి కాగితాలెర్క."

"నేనింకా ఓనర్‌నే గాలె. నాకు ఎన్‌ఓసీ ఇయ్యలె," అన్నాడు జగదీశ్వర్ భయంభయంగా.

కార్యదర్శిగా మహేశ్వర్ పెట్టిన ఆఖరి సంతకం ఆ ఎన్‌ఓసీ మీదే. రెండింటికి రిజిస్ట్రేషన్ అయిపోయింది. సాయంత్రానికి గ్రూపులో కొత్త కార్యదర్శి పేరున డెబ్బై మూడు ఫిర్యాదులు చేరాయి. స్వరాజ్యం వాటిని ఒక్కొక్కటే చదివి వినిపించి, ఫోన్ పక్కన పెట్టింది.

"ఎకరం వెట్టి మళ్ళ మండలాఫీసే కొన్నవ్ గదయ్యా."

మర్నాడు ఆరింటికే తలుపు దబదబా మోగింది. వచ్చినవాడు మహేశ్వర్. కాలనీలో పొద్దున్నే చప్పుడు ఎక్కువైందని ఫిర్యాదు చేయడానికి వచ్చాడు.